పటంలో లేని నూట నలభై మీటర్లు

తెల్లవారుజాము మూడింటికి
ఓలు నగరమంతా నిద్ర.
నా బండి ఒక్కటే మంచును గీరుతోంది.
ముందు సైకిల్ బాట, తర్వాతే కార్ల రోడ్డు.

ఇంజనీరమ్మ ఇర్మెలి పటంలో
బాట వంతెన దాకా పోయి మలుపు తిరుగుతుంది.
మంచు మీద మాత్రం
ఎవరివో అడుగులు, పక్కనే చేతికర్ర గుచ్చిన చుక్కలు,
ఒక సన్నటి టైరు గీత
కాగితం మిల్లు వెనకనుంచి అడ్డంగా పోయాయి.

పటాన్ని నమ్మాలా, పాదాలనా?

బ్లేడు దించాను. నూట నలభై మీటర్లు.
డీజిల్ పద్దులో రాయలేదు.

ఏప్రిల్లో ఇర్మెలి వచ్చింది, రబ్బరు బూట్లతో.
బురదలో నిలబడి ఆ ముక్కని పెన్సిలుతో గీసింది.
"బడ్జెట్ వచ్చే ఏటికి," అంది.
"మంచు అక్టోబరుకే," అన్నాను.

నవ్వలేదు.
దీపస్తంభం ఎక్కడ పాతాలని అడిగింది.