పెడ

పామూరు రోడ్డులో రేకుల మీద అక్షరాలు దిద్దే
దస్తగిరిని నేను.
నిచ్చెన ఎక్కలేను.
నా మోకాళ్ళు రెండూ తోడికోడళ్ళు,
ఎప్పటినించో పెడమొహం పెట్టుకున్నాయి.
అందుకే బోర్డునే కిందికి దింపి
బోర్లా పడుకుని రాస్తాను.

పోయిన నెల
మట్టి పరీక్షల ఆఫీసుకి కొత్తగా వచ్చిన కోటిరత్నం మేడం
చీటీ మీద పేరు, దాని కింద
పెడాలజిస్ట్ అని రాసిచ్చింది.
ఎర్ర అక్షరం, పచ్చ నీడ. బాగా కుదిరింది.

మూడో రోజుకి ఆమె గుమ్మంలో
జ్వరం పిల్లలు, గజ్జి పిల్లలు,
వెలిగండ్ల నించి ఆటో కట్టించుకొచ్చిన ఒక జేజి.
"బోర్డు మీదుంది గదమ్మా, పిల్లల డాక్టరని."
మేడం చేతిలో మెట్ట చేని మట్టి పొట్లం,
జేజి చేతిలో మనవడి ఉచ్చ సీసా.

నన్ను పిలిపించింది. తిట్టలేదు, టీ ఇప్పించింది.
"తప్పు నీదీ కాదు, నాదీ కాదు, గ్రీకు వాళ్ళది.
పైస్ అంటే వాళ్ళకి బిడ్డ."
పైసలేమో అనుకున్నానమ్మా.
"పెదోన్ అంటే కాళ్ళ కింద నేల.
ఇంగ్లీషు కుండలో పడి రెండూ ఒకటే గంజి అయినాయి."
మరి సైకిల్ పెడల్?
"అది లాటిన్ వాళ్ళ పాదం.
గ్రీకు పాదం వేరే, పోదోస్.
పెళ్ళి ఫోటోల వాడి ట్రైపాడ్‌లో మూడు కాళ్ళై నిలబడింది."

మరి ఎముకల డాక్టరు బోర్డు? ఆర్థోపెడిక్?
నేనే రాశాను. పక్కన కాలు బొమ్మ కూడా వేశాను.

ఆమె నా మోకాళ్ళు చూడకుండా ఉండటానికి
కిటికీ వైపు చూసింది.
"అందులో కాలు లేదు దస్తగిరీ.
ఆర్థోస్ అంటే తిన్నన.
తిన్నని బిడ్డ. అంతే ఆ మాట."

నాకు తెలిసింది ఒకటే పెడ, మా అమ్మ నోట్లోది.
పెడదారి, పెడచెవి, పెడసరం.
దేని ముందు తగిలించినా
తిన్నగా పోయేది పక్కకి తిరుగుతుంది.
ఆ లెక్కన నేను చదువుకున్న అర్థమే నయం:
అర్థం పెడదారి పట్టిన చోట
ఫీజు మూడొందలు.

ఆమె గాజు గొట్టంలో మట్టి కలిపింది.
తేటపడేదాకా ఇద్దరం చూస్తా కూర్చున్నాం.

మా ఊరి బోరు నీళ్ళు గూడా ఇంత తేటగానే ఉండేవి.
బడి నించి వచ్చి చెంబుడు ఎత్తి తాగితే
గట్టి పిల్లోడు అనేవాళ్ళు.
మూడో తరగతిలో పళ్ళకి గార.
అయిదులో నడుం పట్టు.
ఏడులో గుంటూరు తీసకపోతే
డాక్టరు నన్ను పట్టుకోనైనా లేదు,
ఏ ఊరు అన్నాడు.
ఊరి పేరు చెప్పంగానే పెన్నుకి మూత పెట్టాడు.

నేల నీళ్ళలోకి, నీళ్ళు బిడ్డలోకి, బిడ్డ కాళ్ళలోకి.
గ్రీకు వాళ్ళు మూడు మాటలు పెట్టుకున్నారు.
మా బోరింగు మూడింటినీ ఒక్క చెంబులో పోసింది.

మేడం కొత్త చీటీ ఇచ్చింది.
పేరు కింద ఒక లైను చేర్చాలంట:
ఇచ్చట మట్టికి మాత్రమే పరీక్షలు. పిల్లలకు కాదు.

రేకు దింపి, చాప పరిచి, పడుకున్నాను.
మట్టికి. వట్రసుడి లేని తేలిక మాట, చకచకా వచ్చింది.
మాత్రమే. వచ్చింది.
పరీక్షలు. క్షకి కొంచెం రంగు ఎక్కువైంది, తుడిచాను.
పిల్లలకు.

ఇంక మిగిలింది రెండక్షరాలు.
అవి పెడితే
మట్టి వేరు, బిడ్డ వేరు అని
నేను చేవ్రాలు చేసినట్టు.

కుంచె కొసన నల్ల రంగు గడ్డకడతా ఉంది.
"అయిందా?" లోపల్నించి మేడం.

ఆరాలమ్మా, అన్నాను.