ఏడు పాయింట్ల గాలి

కాళేశ్వరం ఘాటుకు దిగే తొవ్వల
నాది పంచర్ దుకాణం.
లారీ ఎనుక టైరుకు నూరు, ఆటోకు ముప్ఫై,
పిల్లగాని సైకిలుకు బొటనవేలు చెప్పినంత.
గాలి లెక్క నాకొకలు నేర్పే పని లేదనుకున్న
గట్టయ్య వచ్చేదాక.

పేరుకే గట్టయ్య,
బతుకంత నీళ్ల మీద.
షార్జాల పదకొండేండ్లు
ఓడలకు తాళ్లు కట్టి, ఇప్పి,
అరచేతుల గీతలు అరిగినంక వచ్చిండు.
బ్రిడ్జి పడ్డంక అవతలికి పడవెక్కేటోళ్లు లేరు.
సంగమం చూసొస్తమనేటోళ్లే,
ఆదివారం ఇరవై మంది.

మొన్న ఆషాఢంల
ఎగువ వాన పడ్డదని ఎవరూ చెప్పలే.
మెట్టుకు మొలలు కొట్టి బిగిచ్చిన పాత టైరు
తెల్లారేసరికి నిలువు లోతు మునిగింది.
పడవ వచ్చింది.
మెత్తగ ఉండాల్సిన కాడ రాయి ఉన్నది.
ఒకటే చప్పుడు,
కొబ్బరికాయ కొట్టినట్టు,
గని ఎవరూ మొక్కలే.
పలక పగిలింది. మంథని ముసలామె
పూల బుట్టతోని గట్టయ్య కాళ్ల మీద పడ్డది.

ఆ మాపటికి దుకాణం ముంగట నిలవడ్డడు.
"వదినె, ట్రాక్టర్ ట్యూబులు పెద్దయి ఉన్నయా?
పాత టైర్లు ముక్కలు కోసియ్యి, గొలుసు నేను తెస్త.
గోడకు కొట్టేది కాదిది, నీళ్ల మీద పండాలె.
నీళ్లు లేస్తె లేవాలె, దిగితె దిగాలె,
పడవ ఏ ఎత్తుల వస్తె
ఆ ఎత్తుల ఎదురువోవాలె."
చేతులు బార్ల చాపి చూపెట్టిండు.
ఓడకు గోడకు నడుమ తేలేటియి అక్కడ
ఏనుగు పండుకున్నంత ఉంటయట,
ఒంటినిండ టైర్ల అంగీ తొడుక్కొని.

రెండు రాత్రులు కోసినం, కుట్టినం.
కొత్తిమీర కోసినా నా చేతికి రబ్బరు వాసనే.
ఆఖరికి పైపు పెట్టి నలభై కొట్టిన.
గట్టయ్య నవ్విండు.

"ఇంత బిర్రుగుంటె తంతది.
పడవను వచ్చిన తొవ్వనే నూకుతది.
ఏడు చాలు."
"ఏడా?"
"దెబ్బ లోపలికి పోవాలె గద వదినె.
పోయినంక మెల్లగ తిరిగియ్యాలె,
చేబదులు తీర్చినట్టు.
మరీ మెత్తగుంటె మళ్ల రాయే తగుల్తది."

నడిపి కోడలిగ పన్నెండేండ్లు ఉన్నదాన్ని,
ఆ సంగతి నాకు తెల్వదా.
గని నా మీటర్ల ఏడుకు గీతనే లేదు.
సున్నకు పదికి నడుమ
బిడ్డ గోర్ల రంగుతోని చుక్క పెట్టుకున్న.

మొదటినాడు పడవ వచ్చి దాన్ని ఒత్తుకుంటె
కిర్రుమని గొలుసులు మూలిగినయి.
అంతే. లోపలోళ్లకు
గట్టు వచ్చిందనే తెల్వలే.
ఒకాయన ఇంక ఫోన్‌ల మాట్లాడుతనే ఉన్నడు.

ఇప్పుడు నాకొక చిక్కు.
పంచర్ దొరకాలంటె ట్యూబును తొట్టిల ముంచుత,
బుడగ చెప్తది.
ఎప్పుడూ నీళ్లలనే ఉండేదాన్ని ఏ తొట్టిల ముంచాలె?
ఇంత గోదారిల దాని బుడగ ఏదని ఎతకాలె?

అందుకే చెవి పెడుత.
పడవలన్ని కట్టేసినంక, రాత్రి,
అదొక్కతే మెట్లను తడుతుంటది.
సరిగ ఉన్ననాడు దుబ్బు, దుబ్బు,
పసిపిల్ల ఈపు నిమిరినట్టు.

నిన్న ఆ చప్పుడు పలచవడ్డది.
ఐదుకు దిగినట్టుంది.
చేతి పంపు సంకల పెట్టుకొని పోతున్న.
నీళ్లియాల ఏ మెట్టు మీదున్నయో
చీకట్ల కనవడదు,
కాలికి తడి తగలాలె.