అప్పగింత

ఇంగ్విల్, సోమవారం నుంచి ఈ గాజుగోడ నీది.
పసుపు చీటీలు నీవి, జిగురు పోయినవి కూడా.

పొద్దున పదిహేను నిమిషాలు, నిలబడే మాట్లాడుకోండి.
ట్రోమ్సోలో డిసెంబరుకి పొద్దున ఉండదులే,
గడియారాన్ని నమ్ము.

ఎవరి చీటీ అయినా మూడు రోజులు కదలకపోతే
"ఎప్పుడవుతుంది?" అనకు.
ఆ ప్రశ్నకి అందరి దగ్గరా ఒకటే అబద్ధం:
రేపు.
"ఏం అడ్డొచ్చింది?" అని అడిగి
ఇక నోరు మూసుకో.
ఇది నాకు తెలిసొచ్చేసరికి
హోకన్ తొమ్మిది రోజులు తల దించుకునే కూర్చున్నాడు.

పదో రోజు ఇద్దరం ఫెర్రీ ఎక్కాం.
ఉన్ని తొడుగులేసుకున్న కెప్టెన్ మా తెరని
ఒకసారి నొక్కింది, ఇంకోసారి నొక్కింది,
చివరికి వంగి ముక్కుతో నొక్కింది.
హోకన్ పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఆరు వారాల పని, ఒక్క ముక్కు!
తిరిగొచ్చి పదకొండు చీటీలు చించేశాం.
ఆ సాయంత్రమంత హాయిగా
ఎన్నడూ ఇంటికెళ్ళలేదు.

ఓస్లో వాళ్ళు వేగం గీత అడుగుతారు, ఇవ్వు.
దాంతో మనుషుల్ని మాత్రం కొలవనివ్వకు.

శుక్రవారం సమీక్షలో ముందు నీ తప్పు చెప్పు.
నిజంగా చేసిందే చెప్పు, ఇట్టే పసిగడతారు.

స్వేరె కాఫీ నీళ్ళలా ఉంటుంది. తాగు.
మౌనం అర్ధాంగీకారమనుకోకు,
బ్యోర్గ్ మౌనమంటే కాదనడమే.

కుడి మూలన ఒక చీటీ, రెండేళ్ళ నాటిది.
నా చేతిరాతే.
ఏం రాశానో నాకే తెలియడం లేదు.
చించడానికి చెయ్యి రాలేదు,
నువ్వు చించు.