పొలమారింది

సాయంత్రం నాలుగింటికి కొనేవాడొస్తాడని
పొద్దున్నే కామ్రీ బానెట్ ఎత్తి
గొట్టంతో తలంటు పోశాను.
మిల్డూరా ఎర్రమట్టి, తొమ్మిదేళ్ళది,
పైపుల సందుల్లో పారాణిలా పట్టింది
కరిగి, డ్రైవ్‌వే మీద కాలవ కట్టి
ద్రాక్షతోటల వైపు వెళ్ళిపోయింది.
లోపలంతా
చింతపండు పెట్టి తోమిన ఇత్తడి సామాను.

తాళం తిప్పాను.
దగ్గింది.
ఇంకోసారి తిప్పితే
ఒళ్ళంతా గజగజలాడి
డాష్‌బోర్డు మీద పసుపు దీపం ఒకటి
టపటపా కళ్ళార్పింది.
నిన్నటిదాకా దుమ్ము మింగి మింగి
ఒక్కనాడూ పేచీ పెట్టనిది
ఇవాళ మంచినీళ్ళకి పొలమారింది.

మా వైపు, పొలమారితే నెత్తిమీద తట్టి
"ఎవరో తలుచుకుంటున్నారే" అంటారు.
కారుకి నెత్తి ఎక్కడుంటుందో తెలీక
పైకప్పు మీద తట్టాను.
ఎవరూ చూడలేదనుకున్నాను.

కార్మెలా చూసింది.
ఎదురింటి పిట్టగోడ మీంచి, కాఫీ కప్పుతో.
డెబ్బై మూడేళ్ళు.
తోటలో ట్రాక్టర్లన్నీ
మొగుడు విప్పి వదిలేస్తే తను బిగించేదట.
చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి
పలకరింపు కూడా లేకుండా
ఇంజిన్ మీదకి చెవి వంచింది.
"నలుగురిలో ఒకడు పని మానేశాడు.
ఎవడో చూద్దాం, ఆపకు."

బళ్ళో హాజరు పిలిచినట్టు
ఒక్కో కాయిల్ వైరూ ఊడదీసింది.
మొదటిది తీయగానే ఇంజిన్ ఇంకా కుంటింది.
"వీడున్నాడు." మళ్ళీ తగిలించింది.
రెండోది తీస్తే ఆగిపోబోయింది.
"వీడూ ఉన్నాడు."
మూడోది తీసింది.
ఏ తేడా లేదు.
అదే దగ్గు, అదే వణుకు.
ఉన్నా లేకున్నా ఒకటే అయినవాణ్ణి
పట్టుకునేది ఇలాగే కాబోలు.
నాలుగోవాణ్ణి పిలవనే లేదు.

ఇంజినాపి ఆ కాయిల్ పైకి లాగితే
ప్లగ్గు గుంట
రూపాయి బిళ్ళంత బావి.
అందులో ఆకాశం ముక్కొకటి తేలుతోంది.
నిప్పురవ్వ పుట్టాల్సిన చోట
వేలెడు లోతు నీళ్ళు.
నేను పోసినవే.

"ప్లగ్గు ఇప్పుడే విప్పకు, కడుపులోకి జారతాయి."
వాయిల్ చీర కొంగు చింపి వత్తులు చేశాను.
నూనె పైకి లాగే వత్తి
ఇక్కడ నీళ్ళు లాగింది.
పదకొండు వత్తులు తడిశాయి.
తర్వాత ఆవిడ ఇంట్లోంచి
జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ పట్టుకొచ్చింది.
అరగంట, వంతులేసుకుని ఆరబెట్టాం.
సాంబ్రాణి ఒక్కటే తక్కువ.

కాయిల్ రబ్బరు తొడుగు ఎండలో తిప్పి చూసి
గోటితో చూపింది,
వెంట్రుకంత చీలిక.
"ఇది ఇవాళ్టిది కాదు.
మట్టీ జిడ్డూ కలిసి దీన్ని మూసి ఉంచాయి.
ఆయిలు ఎక్కణ్ణుంచి కారుతోందో కూడా
ఆ మట్టే చెప్పేది.
సాక్షిని కడిగేశావు."

కొరివితో తల గోక్కోవడం విన్నాను.
నీళ్ళతోనూ గోక్కోవచ్చని ఇవాళే తెలిసింది.

నాలుగింటికి నలుగురూ హాజరు.
వచ్చినవాడి పేరు ఎమ్రే, నూనూగు మీసాలు.
బానెట్ ఎత్తి, ఆ మెరుపు చూసి
మురుస్తాడనుకుంటే
మొహం ముడిచాడు.
"ఏం దాస్తున్నారు?"

కార్మెలా గోడవతల కాఫీ తాగుతోంది.
ఎన్నో కప్పో.
మూడోవాడి సంగతీ, చీలిక సంగతీ చెప్పాను.
మూడొందల డాలర్లు తగ్గించి
తాళాలు తీసుకున్నాడు.
డీకిన్ అవెన్యూ మలుపు తిరిగేదాకా
నేనూ చెవి వంచి విన్నాను.
దగ్గలేదు.

రాత్రి పెరుగన్నం తింటుంటే
పొలమారింది.
ఇంట్లో ఎవరూ లేరు.
నెత్తిమీద నేనే తట్టుకుని
నీళ్ళ గ్లాసు
కాసేపు అలాగే పట్టుకున్నాను.