వెయ్యి అడుగుల దగ్గర

వాగార్ దీవిలో పొగమంచుకి వేళాపాళా లేదు.
పొద్దున గొర్రెల వెనకాలే కొండ దిగుతుంది,
మధ్యాహ్నానికి గొర్రెల్నే మింగేస్తుంది.
రన్‌వే అంటారా, సరస్సుకీ సముద్రానికీ మధ్య
ఎవరో ఆరేసి మరిచిపోయిన తువ్వాలంత.

కోపెన్‌హాగన్‌లో నూట ఇరవై ఒక్కమంది ఎక్కారు.
వెనక నాలుగు వరుసల నిండా హ్యాండ్‌బాల్ పిల్లలు,
ఓడిపోయి వస్తూ, గెలిచినంత గోల.
పదకొండో వరుసలో ఒకాయన,
ఒళ్లో మడత నలగని నల్లకోటు.
రెండు గంటలకి వాళ్లన్న ఖననం.
గుమ్మం దగ్గర నన్నే అడిగాడు, "అందుతానా?" అని.
నవ్వాను.
నవ్వకుండా ఉండాల్సింది.

ఎడమ సీట్లో హోగ్ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే దారి.
కొండల్ని పేరు పెట్టి పిలుస్తాడు,
పక్కింటివాళ్లని పిలిచినట్టు.
కుడి సీట్లో నేను, బారా. నాలుగో నెల.
మా భాషలో బారా అంటే అల.

వెనక గాలి చెప్పినదానికన్నా ఎక్కువ తోసింది.
ఫ్లాప్స్ ఆలస్యమయ్యాయి.
వేగం పద్దెనిమిది నాట్లు ఎక్కువ,
దిగుడు నిమిషానికి పదమూడు వందలు,
గ్లైడ్‌స్లోప్ గుర్తు తెర అడుగుకి జారిపోతోంది,
దిగాల్సిన మెట్లని ఎవరో కిందికి లాగేసుకున్నట్టు.
"సరిచేస్తున్నా," అన్నాడు హోగ్ని.
సరవుతోంది కూడా.
అదే చిక్కు.
పూర్తిగా చెడినదాన్ని వదిలెయ్యడం తేలిక.
కాస్త కాస్త బాగుపడేదే
మనిషిని నేలదాకా లాక్కుపోతుంది.

అద్దానికి అవతల తెలుపు. ఉత్త తెలుపు.
చీకటైతే కళ్లు మూసుకున్నామని సర్దిచెప్పుకోవచ్చు.

వెయ్యి, అంది యంత్రం.

నా నోట్లో రెండు మాటలున్నాయి.
సిమ్యులేటర్‌లో నలభైసార్లు అన్నవే,
అక్కడ వాటికి బరువు లేదు.
ఇక్కడ వాటి మీద ఇరవై ఆరేళ్లు కూర్చున్నాయి,
ఒక నల్లకోటు కూర్చుంది,
నా నవ్వు కూర్చుంది.
మీనమేషాలు లెక్కపెడుతుంటే
ఎత్తు ఆగదు.
తొమ్మిది వందల అరవై.

"అన్‌స్టేబుల్. గో అరౌండ్."

నా గొంతు నాకే పీలగా వినబడింది.
హోగ్ని నా వైపు చూడలేదు.
ఒక క్షణం, అబద్ధమెందుకు, ఒక క్షణం పూర్తిగా
అతని చెయ్యి ఏమీ చెయ్యలేదు.
ఆ తర్వాతే లివర్లు ముందుకి, ముక్కు పైకి.
సీటు వచ్చి వీపుని గుద్దింది.

అప్పుడు మొదలవుతుంది లోపలి చెవి.
వెల్లకిలా పడిపోతున్నావు, తొయ్యి,
ముక్కు కిందికి తొయ్యి, అంటుంది.
మన మేలు కోరేవాళ్లు చెప్పినట్టే చెబుతుంది.
కింద సముద్రం ఉందని మాత్రం చెప్పదు.
నేను అంకెల్ని పట్టుకున్నాను, మెట్ల పక్క కమ్మీని పట్టుకున్నట్టు.
పదిహేను డిగ్రీలు. ఎక్కుతున్నాం. వేగం చాలు.
"పాజిటివ్ క్లైంబ్."
"గేర్ అప్."
చెవి మొత్తుకుంటూనే ఉంది.
మొత్తుకోనిచ్చాం.

మూడు వేల దగ్గర మంచు చిరిగింది.
ఇంత ఎండ ఎక్కడ దాచిపెట్టారో!
తెలుపులోంచి ఒకే ఒక్క కొండకొన,
ఈదుతున్నవాడి తలలా.
హోగ్ని దాన్ని పేరు పెట్టి పిలవలేదు.
చాలాసేపటికి అన్నాడు,
"ఎనిమిది వందలకల్లా సర్దుకునేదేమో."
"ఏమో."
"ఏమో," అన్నాడు తనూ.

నలభై నిమిషాలు గుండ్రంగా తిరిగాం.
మంచు కదల్లేదు. బెర్గెన్‌లో దిగేసరికి
మా దీవి టైము ప్రకారం రెండుకి పది నిమిషాలు.
రిపోర్టులో "ఎవరు పిలిచారు" అన్నచోట
హోగ్ని నా పేరు రాశాడు,
దీర్ఘం మరిచిపోకుండా.

బయటికొస్తే గేటు దగ్గర ఆ పెద్దాయన.
కోటు తొడుక్కున్నాడు. మెడదాకా బొత్తాలు.
పడమటి అద్దానికి ఎదురుగా నిలబడి ఉన్నాడు,
చేతులు ముందు కట్టుకుని.
హ్యాండ్‌బాల్ పిల్లల్లో ఒకమ్మాయి
తన చిప్స్ పొట్లాం చప్పుడు కాకుండా మూసి
మిగతావాళ్లకి సైగ చేసింది.

రెండయింది.
నేను కూడా టోపీ తీశాను.