అన్నెమ్మగోరి ఊరు

పేరు హన్నెలోర.
నా నోరు తిరక్క అన్నెమ్మగోరన్నాను.
జర్మనీలో సిన్న ఊరట,
మన గజపతినగరం పాటుంటాదేమో.
మాటాడితే ఆవిడ ఫోను
బళ్ళో పంతులి తెలుగులో అప్పసెప్పేది:
"దయచేసి కోట వద్దకు తీసుకొనిపొండి."
నవ్వాపుకోలేక గేరు తప్పాను.

కోట సూపించాను. గుమ్మం సూపించాను.
ఇదిగో, మోతీమహలుండీది ఇక్కడేనని
ఉత్త నేలని కూడా సూపించాను.
ఆవిడ దాని కాడే ఎక్కువసేపు నిలబడిపోనాది.

గంటస్తంభం కాడ టీ తాగుతుంటే
ఈసారి ఆవిడ నన్ను తన ఊరు తిప్పింది.
వేలితో నెట్టితే వీధెనక వీధి,
పెట్రోలు కర్సు లేదు.
ఊరి సుట్టూ గోడ, గోడకి రెండు గుమ్మాలు.
లోపలుండాల్సిన దూలాలు
బైటికే కనపడీ ఇళ్ళు, కిటికీల్లో ఎర్రపూలు.
సర్చీ కొసన ఇనప కోడిపుంజు, గాలెటుంటే అటు.
"మా గడియారము ఏడు నిమిషములు ముందు," అన్నాది ఫోను.
ఇద్దరం తలెత్తి మాదాన్నోసారి సూసినాం.

తరవాత బొమ్మలో ఇల్లు లేదు, గోపురం లేదు.
రాళ్ళు పరిసిన వీధి,
ఓ గుమ్మం ముందు అరసెయ్యంత ఇత్తడి బిళ్ళ,
మీద అచ్చరాలు.
ఎవురో మొక్కుకి కొట్టించినారనుకున్నాను.
"ఈ ఇంట బట్టలు కుట్టు మనిషి నివసించెను.
అతనిని తీసుకొనిపోయిరి."
ఎవురు? ఎక్కడికి?
ఫోను మళ్ళీ అదే సెప్పింది.
ఆవిడ గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.
"ఎదురింట మా తాత ఉండెను.
కిటికీ మూసుకొనెను."

నానేటీ అన్లేదు.
బేరంలో లేని సోటికి బండి తిప్పాను.
మూడులాంతర్లు దాటాక, మూతబడ్డ సినిమాహాలు పక్కన,
సెల్లు కవర్లమ్మీ కొట్టు ముందు ఆపాను.
ఇక్కడ మా అయ్య రిక్షా ఉండీది,
ఇరవైరెండేళ్ళు.
రేత్రి బేరం లేకపోతే అందులోనే పడుకునీవోడు,
కాళ్ళు బైటికి.
బోర్డు లేదు. టిక్కెట్టు లేదు.
సూడ్డానికి కాలవ మీద సిమెంటు మూతుంది, అంతే.
కొట్టు కుర్రోడు కవరేటి కావాలన్నాడు.

ఆవిడ పేరడిగింది.
లెంక గురువులు, అన్నాను.
ఫోను కాసేపాలోసించి
ఆవిడ బాసలో ఏటో సెప్పింది.
"మీ తండ్రి ఉపాధ్యాయులా?"
ఔనన్లేదు. కాదన్లేదు.

ఆ మూత మీద కాలెయ్యకుండా
సుట్టు తిరిగొచ్చి బండెక్కింది.
టేసను కాడ ఐదొందలిచ్చింది.
సిల్లర పది తక్కువైతే
ఉండండమ్మా అని
అరటిపళ్ళ బండోడి కాడికి పరిగెట్టాను.