అటు తిరుగు

కనిగిరి మండల మీటింగులో
హాజరు పిలుస్తున్నారు.
"దార్ల సుగుణమ్మ గారూ!"
మూడో వరసలోంచి ఒక మీసం లేచి
"ఉన్నా సార్" అంది.
ఎవరూ నవ్వలేదు.
పక్క ఊరి నాంచారమ్మ గారికి బట్టతల.
ఆ పై ఊరి ఖాసింబీ గారు
బయట బీడీ కాల్చుకుంటున్నారు.
నేనూ నవ్వలేదు.
నేను పంచాయతీ కార్యదర్శిని,
రిజిస్టరు తెరిచి
ఎక్కడ సంతకం పెట్టాలో ఆయనకు వేలితో చూపించాను.

ఒప్పుకుంటున్నాను.
మూడేళ్లు యేసోబు గారినే "సర్పంచ్ గారూ" అన్నాను.
ఆమెను మాత్రం
"అమ్మా, ఆయన ఉన్నారా?" అని అడిగాను.
గుమ్మంలో నిలబడే
"పామూరు పోయినాడు, పొద్దుగూకి రా" అనేది.
చేతులకి ఇంకా ఉపాధి పని మట్టి.
నలభై మంది కూలీలకు మేటు ఆమె.
గుంట లోతు కంటితో చూసి చెబితే
ఇంజనీరు టేపుకి బెత్తెడు తేడా వచ్చేది కాదు.
అదీ నాకు తెలుసు.

ఊరి డబ్బులన్నీ వేలెడంత కీలో ఉంటాయి,
డిజిటల్ సంతకం అంటారు.
అది ఆయన చొక్కా జేబులో
ఖైనీ పొట్లం పక్కన ఉండేది.

మొన్న మంగళవారం
నేను ఆఫీసు తాళం తీసేసరికే
మెట్ల మీద కూర్చుని ఉంది.
కొంగు ముడి విప్పి కీ బల్ల మీద పెట్టింది.
సబ్బు వాసన.
"చొక్కా ఉతుకుతుంటే దొరికింది.
ఇక నా కాడే ఉంటది.
ఆయనకు చెప్పే వచ్చినా.
అన్నం తినకుండా ముసుగేసినాడు.
ఆకలైతే లేస్తాడులే."

బల్ల మీద రెండు బిల్లులు.
నీళ్ల ప్లాంటుకి ఫిల్టరు,
తొమ్మిది నెలలుగా మూలబడింది.
సిమెంటు రోడ్డు,
కాంట్రాక్టరు ఇంటి దాకా వచ్చి ఆగింది.
ఆమె నవ్వితే పళ్ల మీద గోధుమ చారలు,
మా బోరు నీళ్లు పెట్టిన సంతకం.
తోడికోడలు నలభైకే
కింద కూర్చుంటే ఇద్దరు లేపాలి.
"ముందు ఫిల్టరు" అంది.
రోడ్డు కాగితం బోర్లించింది.
"నడిచి చూసినా. మూడంగుళాలు కూడా లేదు మందం."

కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగింది.
మూడేళ్లుగా కొడుతున్నది నేనే:
ఆయన పేరు, ఆయన పుట్టిన సంవత్సరం.
"అది మార్చొచ్చా?"
మార్చొచ్చమ్మా.
"ఎప్పుటినించి?"
మొదటి రోజు నుంచీ, అన్నాను.
అన్నాక
ఫ్యాను చప్పుడు మరీ పెద్దగా వినిపించింది.

కుర్చీ దగ్గరికి లాక్కుంది.
"నువ్వు అటు తిరుగమ్మాయ్."

తిరిగాను.
గోడ మీద సర్పంచుల పేర్ల బోర్డు.
చివరి వరసలో ఆమె పేరు,
దాని కింద 'భర్త' దగ్గర
పెయింటు ఎక్కువ ఖర్చయింది.
వెనక ఒక వేలు
అక్షరాన్ని వెతుక్కుంటూ పోతోంది.
టక్.
చాలాసేపటికి,
టక్.
ఎనిమిది లెక్కపెట్టాను.
తొమ్మిదో దాని దగ్గర ఆగి
అన్నీ చెరిపి మళ్లీ మొదలుపెట్టింది.

ఎవరి పేరు పెట్టుకుందో తెలియదు,
అడగను కూడా.
"ఇక తిరగొచ్చా, సర్పంచ్ గారూ?"
"ఇంకా కాలేదు,
ఉండు."